పెరటి కోళ్ళు – వాసన బెడద



పెరట్లో నాలుగు కోళ్ళు తిరుగుతూ వుంటే ఇంటికి ఎంత కళో, ఎంత ఆసరాయో నేను వేరే చెప్పనక్కరలేదు. పిల్లవాడు బడికి వెళ్ళేముందు ఒక ఉడకబెట్టిన గుడ్డు, వంటింట్లో మిగిలిన మెతుకులకూ ఆకుకూరల కాడలకూ ఒక దారి, పాదుల్లో పురుగులు ఏరే పనివాళ్ళు, మొక్కలకి ఎరువు. ఇన్ని పనులు ఒక్క కోడి చేసిపెడుతుంది. కాస్త పెరడున్నవాళ్ళు పట్నాల్లో కూడా కోళ్ళమీద మనసు పడుతున్నారు. హైదరాబాదు రాజేంద్రనగరులోని కోళ్ళ పరిశోధన సంస్థవారు పెరటి పెంపకం కోసమని వనరాజా, గ్రామప్రియ వంటి రకాలు తయారుచేసి ఇచ్చారు కూడా.

ఐతే సరదాగా మొదలుపెట్టినవాళ్ళలో చాలామంది మొదటి వానాకాలం దాటేసరికి గూడు ఖాళీ చేసేస్తారు. ఎందుకమ్మా అని అడిగితే, కోళ్ళు చచ్చిపోయాయనో, గుడ్లు పెట్టలేదనో కాదు, "వాసనండీ, భరించలేకపోయాం" అంటారు. ఇంకొందరు "మేం భరించాం గాని, పక్కింటివాళ్ళు భరించలేదు" అంటారు. అంటే ఆ ఇంట్లో పిల్లలకు గుడ్డూ పోయింది, ఇరుగుపొరుగుతో మాటా పోయింది.

అంచేత ఇవాళ మీతో ఈ వాసన సంగతే మాట్లాడదామనుకుంటున్నాను. ముందుగా ఒక్కమాట చెప్పేస్తాను, మిగతా అంతా దాని చుట్టూ తిరిగేదే. గూట్లో వాసనకి మూలం కోడి కాదు. ఆ మాటకొస్తే రెట్ట కూడా కాదు. తడి! తడిని అదుపులో పెట్టుకున్న ఇల్లాలికి వాసన తనంత తానే అదుపులోకి వస్తుంది. తడిని వదిలేసి ఎన్ని సీసాల ఫినాయిలు పోసినా డబ్బు దండుగే.

ఇదెలాగో కాస్త చెబుతాను. కోడికి ఆవులాగా, మేకలాగా మూత్రం విడిగా రాదు. రెట్ట మీద తెల్లగా సున్నం పూసినట్టు కనిపిస్తుంది చూశారా, అదే దాని మూత్రం. దాన్ని యూరిక్ ఆమ్లం అంటారు. అది పొడిగా వున్నంతకాలం పెద్దగా వాసన వెయ్యదు. తడి తగిలిందంటే మాత్రం కంటికి కనపడని సూక్ష్మజీవులు దానిమీద పడి, దాన్ని అమ్మోనియా అనే వాయువుగా మార్చేస్తాయి. గూడు తలుపు తెరవగానే ముక్కులో గుచ్చుకుని కళ్ళు మండించే ఆ ఘాటు అదే. వెచ్చదనం తోడైతే ఈ పని ఇంకా తొందరగా సాగుతుంది. అందుకే వానపడి వెంటనే ఎండకాసిన రోజున గూటి దగ్గర నిలబడలేము.

ఇప్పుడు లెక్క చూడండి. గుడ్లు పెట్టే పెట్ట ఒకటి రోజుకి సుమారు నూరు గ్రాములు, అంతకు కాస్త ఎక్కువ కూడా, రెట్ట వేస్తుంది. అందులో దగ్గర దగ్గర ముప్పాతిక వంతు నీళ్ళే. ఆరు కోళ్ళున్న ఇంట్లో వారానికి నాలుగైదు కిలోల రెట్ట అన్నమాట. ఈ నీళ్ళు మనం ఎలాగూ ఆపలేం. వీటికి తోడు తొణికిన తాగునీళ్ళు, చూరునుంచి కారే వాన, మనం బకెట్లతో పోసే నీళ్ళు కూడా చేరితే ఆ గూడు ఎప్పటికి ఆరాలి?

బకెట్లతో పోసే నీళ్ళన్నాను గదా, అసలు చిక్కు అక్కడే వుంది. మన ఆడవాళ్ళకి శుభ్రమంటే కడగడమే. తెల్లారి లేస్తూనే కళ్ళాపి చల్లుతాం, గడప కడుగుతాం, గిన్నెలు కడుగుతాం. కోళ్ళగూడు కంపు కొడుతోందంటే నాలుగు బకెట్ల నీళ్ళు కొట్టి చీపురుతో రుద్దేస్తే గాని మనకు తృప్తి వుండదు. మరే పనికైనా ఆ అలవాటు మంచిదే. కోళ్ళగూటికి మాత్రం అది పనికిరాదు. అక్కడ శుభ్రం అంటే పొడిగా వుండటం. ఈ తేడా మనసుకి పట్టిందంటే సగం పని అయిపోయినట్టే.

నాకు తెలిసిన ఒకావిడ ఎనిమిది కోళ్ళను పెంచేది. చాలా శుభ్రం గల మనిషి. గూడు ప్రహరీగోడకు ఆనించి కట్టించింది. గోడకి అవతల పక్కింటివారి వంటింటి కిటికీ. ఆ ఇంట్లో ఉబ్బసం వున్న మామగారు ఒకరు. ఈవిడ రోజూ ఉదయం సిమెంటు నేలమీద నీళ్ళుకొట్టి, ఫినాయిలు కలిపి మరీ కడిగేది. శ్రావణమాసం వచ్చేసరికి వాసన వీధి మలుపుదాకా వచ్చింది. "వదినగారూ, మా మామగారు రాత్రంతా దగ్గుతున్నారండీ" అని పక్కావిడ మెల్లగా ఒకటి రెండుసార్లు చెప్పింది. మూడోసారి మెల్లగా చెప్పలేదు. ఆ ఏడు వరలక్ష్మీవ్రతం నాడు ఒకరింటికి ఒకరు పేరంటానికి వెళ్ళలేదు. పదిహేనేళ్ళు గోడమీదుగా గిన్నెలు ఇచ్చిపుచ్చుకున్న ఇళ్ళు ఆ రెండూ!

తర్వాత వారికి తెలిసిన పశువైద్యుడొకరు వచ్చి చూసి, "అమ్మా, మీరు ముందు కడగడం మానెయ్యండి" అన్నారట. ఆవిడకు కోపమే వచ్చింది. కాని కడగడం మానేసి, నేలమీద ఊక పోసి, నీళ్ళ కుండ ఎత్తుమీద పెట్టి, చూరుకి ఇంకో రెండడుగుల రేకు వేయించింది. నెలతిరక్కుండానే ఆ ఘాటు పోయింది. వానలు వెలిశాక గూడు గోడ దగ్గర్నుంచి మార్పించింది కూడా. కార్తీకమాసానికి మళ్ళీ మాటలు కలిశాయి. ఆవిడ చేసిన పనులే ఇప్పుడు ఒక్కొక్కటీ వివరంగా చెబుతాను.

మొదటిది, నేల. ఒట్టి సిమెంటు నేలైనా, మట్టినేలైనా దానిమీద పరుపు కావాలి. కోళ్ళఫారాలవాళ్ళు లిట్టరు అంటారు. రైసుమిల్లులో దొరికే ఊక చాలా మంచిది. ఊక అంటున్నాను, తవుడు కాదు సుమండీ. తవుడు తడిస్తే పులిసిపోతుంది. ఊక దొరకనిచోట వడ్రంగి చిత్రికపట్టిన పొట్టు, వేరుశనగ తొక్కలు, బాగా ఎండిన ఆకులు వాడుకోవచ్చు. రంపపు పొట్టు మరీ మెత్తగా వుంటే దుమ్ము లేస్తుంది. మూడు నాలుగు అంగుళాల మందాన పరచండి. పడిన రెట్టలోని తడిని ఊక పీల్చుకుంటుంది, గాలి తగిలి ఆరుతుంది, కోళ్ళు కెలికినప్పుడు పొడిపొడిగా కలిసిపోతుంది.

ఈ ఊక సరిగ్గా వుందో లేదో తెలుసుకోవటానికి సులువైన పరీక్ష ఒకటుంది. గుప్పెడు తీసుకుని గట్టిగా పిడికిలి బిగించి వదలండి. సున్నివుండలాగా గట్టిగా ముద్దకట్టి అలాగే నిలిచిందా, తడి ఎక్కువైందన్నమాట. కాస్త కలిసినట్టై మెల్లగా విడిపోయిందా, సరిగ్గా వుంది. అసలు కలవకుండా దుమ్ములాగా రాలిపోయిందా, మరీ ఎండిపోయింది, ఆ దుమ్ము మీకూ కోళ్ళకూ మంచిది కాదు. చేతికి ఒక సంచీ తొడుక్కుని చూడండి, తర్వాత సబ్బుతో చేతులు కడుక్కోండి.

ఊక అడుగున గట్టిపడి పెచ్చుకట్టకుండా రోజూ తిరగవెయ్యాలి. "ఇంటిచాకిరీ చాలక ఇదొకటా?" అనకండి. ఆ పని కోళ్ళచేతే చేయించవచ్చు. సాయంకాలం గుప్పెడు జొన్నలో, సజ్జలో ఊకలో చల్లండి. గింజలకోసం మూలమూలా కెలికి మీకంటే బాగా తిరగవేస్తాయి. మీరు వారానికి ఒకసారి చిన్న గొర్రుతో మూలలు మాత్రం కదిపి, పెచ్చుకట్టిన తడిముద్దలు ఎత్తేసి, ఆ చోట కొత్త ఊక వేస్తే సరిపోతుంది.

రెండోది, కోళ్ళు పడుకునే చోటు. కోడి రోజంతా వేసే రెట్టలో దాదాపు సగం రాత్రిపూట, కూర్చున్నచోటే పడుతుంది. ఇది మనకి మంచి సదుపాయం. కూర్చోవటానికి అడ్డంగా ఒక కర్ర కట్టండి. సరిగ్గా ఆ కర్ర కింద ఒక పాత రేకో, బల్లచెక్కో, మడిచిన గోనెపట్టానో వెయ్యండి. దానిమీద రెండు గుప్పిళ్ళ ఊక చల్లండి. పొద్దున్నే దాన్ని బయటికి తీసి ఒక పాత అట్లకాడతో గీసి తట్టలో వేసుకుంటే సగం రెట్ట గూట్లో చేరనే చేరదు. ఐదు నిమిషాల పని. కాఫీ కాగేలోపు అయిపోతుంది. ఆ అట్లకాడ మాత్రం మళ్ళీ వంటింట్లోకి రాకూడదు!

మూడోది, తాగే నీళ్ళు. కోడి రోజుకి పావులీటరు దాకా నీళ్ళు తాగుతుంది, వేసవిలో ఇంకా ఎక్కువ. తాగేటప్పుడు తల ఎత్తి విదిలిస్తుంది, కాళ్ళతో ఊక కెలికి గిన్నెలో పోస్తుంది, ఒక్కోసారి గిన్నెలోనే నిలబడుతుంది. నేలమీద పళ్ళెంలో నీళ్ళు పెట్టిన ప్రతి గూట్లోనూ ఆ పళ్ళెం చుట్టూ బురదే. గిన్నెని ఇటుకలమీద, కోడి వీపు ఎత్తుకు వచ్చేట్టు పెట్టండి. దాని చుట్టూ కాస్త కంకర పోస్తే ఇంకా మంచిది. అన్నిటికంటే మంచి పద్ధతి, నీళ్ళగిన్నెని గూటి లోపల కాకుండా బయట తిరిగే జాగాలో పెట్టుకోవటం. చీకటిపడ్డాక కోడి నీళ్ళు తాగదు కాబట్టి రాత్రి లోపల నీళ్ళు వుండనక్కరలేదు. తెల్లవారగానే తలుపు తీసి వదిలితే చాలు.

నాలుగోది, చూరు. వాన నేరుగా పడటంకంటే జల్లు కొట్టటంవల్ల గూళ్ళు ఎక్కువ తడుస్తాయి. మన కోస్తాలో ఆశ్వయుజ, కార్తీక మాసాల్లో తుపాన్లు వచ్చినప్పుడు సంగతి మీకు తెలిసిందే. రేకు గూటి అంచుదాటి కనీసం రెండడుగులు బయటికి రావాలి. నేల చుట్టుపక్కల కంటే ఒక అడుగు ఎత్తులో వుండాలి. చూరునీళ్ళు పడేచోట చిన్న కాలువ తీసి పాదులవైపు మళ్ళించండి.

ఐదోది, గాలి. ఇక్కడ చాలామంది పొరపడతారు. వాన వస్తోందని, చలి అని, గూడు నాలుగువైపులా ప్లాస్టిక్ పట్టాలతో బిగించి కట్టేస్తారు. అప్పుడు రెట్టలోంచి లేచిన ఆవిరీ, అమ్మోనియా రెండూ లోపలే వుండిపోతాయి. పొద్దున చూస్తే పట్టా లోపలివైపు నీటిబొట్లు పట్టి వుంటాయి. జల్లు కొట్టే వైపు మాత్రమే పట్టా కట్టండి. అదికూడా పైన రేకుకింద జానెడు సందు వదలండి. అమ్మోనియా గాలికంటే తేలిక కాబట్టి పైసందులోంచి బయటికి పోతుంది. ఎదురుగా రెండువైపులా ఇనుపజాలీ వుంటే గాలి అడ్డం లేకుండా ఆడుతుంది. జాలీ మాత్రం పిల్లీ, ముంగిసా దూరనంత సన్నగా, గట్టిగా వుండాలి.

గాలిమాట వచ్చింది కాబట్టి పక్కింటి సంగతి కూడా చెబుతాను. గూడు కట్టించబోయేముందు ఆ చోట ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి ఒక అగరువత్తి వెలిగించి పొగ ఎటు పోతుందో చూడండి. పొగ ఎవరి కిటికీలోకి పోతుందో రేపు వాసనా అటే పోతుంది. ఇంటిగోడకీ, పక్కవారి గోడకీ, నూతికీ వీలైనంత దూరంగా కట్టండి. మీ పురపాలకసంఘంవారి నియమాలు కూడా ఒకసారి కనుక్కోండి.

ఆరోది, తిండి. మిగిలిన సాంబారన్నం, చారన్నం, పచ్చడి మెతుకులు కోళ్ళకి వెయ్యటం మన ఇళ్ళలో మామూలే. కాని ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్ళు ఎక్కువ తాగుతుంది, రెట్ట నీళ్ళగా వేస్తుంది, గూడు తడుస్తుంది. ఉప్పూ పులుపూ వున్నవి వెయ్యకండి. చేపతలలూ, మాంసపు ముక్కలూ బలమని మరీ ఎక్కువగా వేసేవాళ్ళున్నారు. మాంసకృత్తులు కోడి ఒంటికి అవసరమైనంత కంటే ఎక్కువైతే ఆ ఎక్కువంతా రెట్టలోకే పోతుంది, అమ్మోనియా పెరుగుతుంది. తడితిండి ఏదైనా పళ్ళెంలో పెట్టి అరగంటలో తిన్నంతే తిననిచ్చి, మిగిలింది ఎత్తెయ్యండి. నేలమీద చల్లిన అన్నం ఊకలో కలిసి పులిసిపోతుంది.

ఏడోది, సంఖ్య. అసలు చాలా ఇళ్ళలో చిక్కు ఇక్కడే మొదలవుతుంది. నాలుగు కోళ్ళకని కట్టిన గూట్లో, పొదిగించిన పిల్లలన్నీ పెద్దవై పన్నెండు చేరతాయి. లోపల కోడికి రెండు మూడు చదరపుటడుగులైనా వుండాలి, బయట తిరిగే జాగా ఇంకా ఎక్కువ వుండాలి. అంతకు మించితే ఎంత ఊకపోసినా ఆరదు. పట్నపు పెరడుకి ఐదారు కోళ్ళు చాలు. గుడ్లు ఇంటికి సరిపోతాయి, చాకిరీ చేతిలో వుంటుంది.

ఇక వాసన వచ్చాక చేసే వైద్యం గురించి. వాసనలన్నీ ఒకటి కావు, ముక్కుతోనే జబ్బు కనిపెట్టవచ్చు. కళ్ళు మండే ఘాటైతే అది అమ్మోనియా, ఊక తడిసింది, మార్చాలి. పుల్లటి వాసనైతే తిండి పులిసింది, గిన్నెలచుట్టూ చూడాలి. కుళ్ళిన గుడ్డు వాసనైతే ఎక్కడో నీళ్ళు నిలిచి గాలి ఆడని బురద వుంది, లేదా నిజంగానే ఏ మూలో గుడ్డు పగిలింది. పీనుగు వాసనైతే ఎలుకో, పందికొక్కో చచ్చివుంటుంది. ఇవేవీ కాకుండా ఒక కోడి రెట్ట మాత్రమే నీళ్ళగా, రక్తపు జీరలతో, ఎప్పుడూ లేని దుర్వాసనతో వుంటే అది రోగం. తడి గూళ్ళలో కాక్సీడియోసిస్ అనే రక్తపారుడు రోగం తేలిగ్గా వస్తుంది. దానికి ఊక కాదు, పశువైద్యుడు కావాలి.

ఇంకొకటి గమనించండి. రోజూ ఆ గూటి దగ్గర మసిలేవారి ముక్కు ఆ వాసనకి అలవాటుపడిపోతుంది. కాబట్టి మీ ముక్కుని మీరే నమ్ముకోకండి. రెండురోజులు ఊరెళ్ళి వచ్చినప్పుడు మొట్టమొదట ఏమనిపించిందో అది నిజం. లేదా ఇంటికి వచ్చిన ఆడపడుచునో, పిన్నిగారినో అడగండి. ఇంకోమాట, గూటి దగ్గర నిలబడి చూడటం కాదు, కోడి తల వుండే ఎత్తుకి ఒంగి చూడండి. మనకి నిలబడితే తెలియని ఘాటు అక్కడ తెలుస్తుంది. ఆ గాలి పీల్చేది అది గదా!

కోడికి ఈ వాయువు చేసే హాని చిన్నది కాదు. పదిలక్షల పాళ్ళ గాలిలో అమ్మోనియా 25 పాళ్ళు మించకూడదని కోళ్ళపెంపకంలో చెబుతారు. అది మించి రోజుల తరబడి వుంటే కళ్ళు ఎర్రబడి నీరు కారుతాయి. కోడి కళ్ళు మూసుకుని రెక్కకేసి రుద్దుకుంటూ ముడుచుకు కూర్చుంటుంది. ఊపిరిగొట్టంలో దుమ్మునీ క్రిముల్నీ బయటికి తోసే సన్నటి నూగు దెబ్బతింటుంది. ఆపైన ఏ జబ్బైనా సులువుగా అంటుకుంటుంది. మేత తగ్గుతుంది, గుడ్లు తగ్గుతాయి. అంటే పక్కింటివారు ఫిర్యాదు చేసేలోపే కోళ్ళు ఫిర్యాదు చేస్తాయన్నమాట. వాటికి నోరు లేదంతే.

ఇప్పుడు చెయ్యకూడని పనులు చెబుతాను, ఇవి గట్టిగా గుర్తుపెట్టుకోండి. తడిరెట్టమీద సున్నం చల్లితే వాసన పోతుందని అందరూ అంటారు. సున్నం క్షారం. రెట్టలో అణిగివున్న అమ్మోనియాని అది ఒక్కసారిగా గాలిలోకి వదిలిస్తుంది. కోళ్ళు లోపల వుండగా ఆ పని చేస్తే వాటి కళ్ళకి మనమే ఘాటు పెట్టినట్టు. కట్టెలబూడిద కూడా క్షారమే, అదీ తడిరెట్టమీద వద్దు. బూడిదని పొడిమట్టితో కలిపి విడిగా ఒక మూల పోస్తే కోళ్ళు అందులో పొర్లాడి పేలు దులుపుకుంటాయి, అది మంచిదే. సున్నం వాడాలంటే ఊక అంతా ఎత్తేసి, నేల ఊడ్చి, ఆరాక, కోళ్ళు బయట వుండగా పల్చగా చల్లి, దానిమీద కొత్త ఊక పొయ్యండి.

రెండోది ఇంకా ముఖ్యం. బ్లీచింగు పౌడరుగానీ, బట్టల మరకలు తీసే బ్లీచింగు నీళ్ళుగానీ రెట్టమీద ఎప్పుడూ పొయ్యకండి. అందులోని క్లోరినూ, ఇక్కడి అమ్మోనియా కలిసి క్లోరమైన్లు అనే విషపు ఆవిర్లు పుడతాయి. మూసివున్న చిన్నగూట్లో తల దూర్చి అది పీలిస్తే ఊపిరి ఆడక దగ్గు వస్తుంది. ఉబ్బసం వున్నవాళ్ళకైతే ప్రమాదమే. రోగం వచ్చిన గూటిని శుద్ధి చెయ్యాలంటే, ముందు రెట్టా ఊకా పూర్తిగా ఎత్తేసి, సబ్బునీళ్ళతో కడిగి, మంచినీళ్ళతో మళ్ళీ కడిగి, ఆ తర్వాతే తలుపులన్నీ తెరిచి బ్లీచింగు నీళ్ళు వాడండి. ఎండలో బాగా ఆరాకే కోళ్ళని వదలండి. ఏడాదికి ఒకటి రెండుసార్లు, ఇలా ఎండకాసే రోజు చూసి చేసే కడుగుడు తప్పు కాదు. రోజూ కడగటమే తప్పు.

ఊక పూర్తిగా మార్చటానికి తొలకరికి ముందు ఒకసారి, తుపాన్ల రోజులు దాటాక ఒకసారి పెట్టుకుంటే మన వాతావరణానికి బాగుంటుంది. ఎత్తేటప్పుడు ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకోండి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ బయటపడిన సంగతి మీకు గుర్తుండే వుంటుంది. కోళ్ళు కారణం తెలియకుండా వరసగా చనిపోతుంటే వాటిని తాకకుండా, పశువుల ఆసుపత్రికి వెంటనే కబురు పెట్టండి.

మరి గీసిన రెట్టా, ఎత్తిన ఊకా ఏం చెయ్యాలి? పెరట్లో ఓ మూల కుప్పపోస్తే వాసన గూట్లోంచి మూలకి మారుతుంది, అంతే. పైగా ఈగలు. ఈగ గుడ్డు పెట్టిన వారం పదిరోజుల్లో మన ఎండలకి కొత్త ఈగలు లేస్తాయి. అందుకని ఏ రెట్టా వారంకంటే ఎక్కువ బయట వుండకూడదు. అడుగున చిల్లులున్న పాత డ్రమ్ము ఒకటి సంపాదించండి. ఒక తట్ట రెట్టకి మూడు తట్టల ఎండుటాకులు చొప్పున, ఒక వరస ఇదీ ఒక వరస అదీ వేసుకుంటూ పోండి. పైవరస ఎప్పుడూ ఆకులదే వుండాలి. పిండిన బట్టంత తేమ వుంటే చాలు. వారం పదిరోజులకొకసారి కర్రతో తిరగవెయ్యండి. వాన పడకుండా మూత పెట్టండి. ఘాటు వస్తే ఎండుటాకులు చాలలేదని అర్థం, ఇంకో తట్ట వెయ్యండి. మూడు నాలుగు నెలల్లో నల్లగా, వానమట్టి వాసనతో మంచి ఎరువు అవుతుంది.

పచ్చిరెట్ట మాత్రం కరివేపాకు మొదట్లోనో, గులాబీ మొదట్లోనో వెయ్యకండి. వేళ్ళు మాడిపోతాయి. కొత్తిమీర, ముల్లంగి వంటి పచ్చివి తినే మళ్ళకి బాగా మాగిన ఎరువే వెయ్యాలి. కోడిరెట్టలో మనిషి కడుపుకి చేటుచేసే క్రిములు వుండవచ్చు.

ఇక్కడ గృహిణులు ఆలోచించవలసిన మాట ఇంకొకటి వుంది. ఆ అమ్మోనియాలో వున్నది నత్రజని. మనం దుకాణంలో యూరియా కొనుక్కునేది కూడా దానికోసమే. గూట్లోంచి ఘాటుగా పైకి లేచిపోయేది మన మొక్కల ఎరువే నన్నమాట. పొడిగా వుంచి, ఆకులతో కలిపి దాచుకుంటే అది బెండకాయలై, కాకరకాయలై మన వంటింటికే తిరిగివస్తుంది.

ఇన్ని చేసినా అసలు ఏ వాసనా రాదని నేను చెప్పను. కోడి వున్నచోట కోడివాసన కొంచెం వుంటుంది. ముసురుపట్టి నాలుగురోజులు ఎండ కనపడకపోతే ఇంకాస్త వుంటుంది. అలాంటి రోజులకోసం ఒక గోనెసంచీడు పొడి ఊక చూరుకింద ముందే దాచుకోండి. ముసురు మొదలయ్యాక మిల్లుకి వెళితే దొరికేది తడి ఊకే. పక్కింటావిడతో కూడా ముందే ఒకమాట చెప్పివుంచండి. "అక్కయ్యగారూ, వాసన వస్తే మొహమాటపడకుండా చెప్పండి" అని మనం అడిగితే, ఆవిడ చెప్పటమూ సులువు, మనం వినటమూ సులువు.

రేపు పొద్దున్నే ఒకపని చెయ్యండి. మీకు కోళ్ళుంటే గూటి తలుపు తీసి, కోడి తల ఎత్తుకి ఒంగి ఒక్కసారి గాలి పీల్చండి, ఊక గుప్పెడు పిడికిట్లో పట్టి చూడండి. నీళ్ళగిన్నె ఎక్కడుందో చూసి, రెండిటుకలు వేసి ఎత్తు చెయ్యండి. కొత్తగా పెంచుకోవాలనుకునేవాళ్ళు కోళ్ళు కొనేముందే ఊకబస్తా కొనుక్కోండి.